విడాకులు: తెలుగు దంపతులు విడిపోవడానికి కారణాలు

చట్టప్రకారం జరిగిన పెళ్లిని దంపతులిద్దరూ బతికుండగానే రద్దు చేయడాన్ని విడాకులు అంటారు. ఎందుకు విడిపోయారని అడిగితే ఊళ్లోనైనా అపార్ట్‌మెంట్‌లోనైనా వచ్చే జవాబులు దాదాపు ఒకటే: కట్నం, తాగుడు, అనుమానం, అత్తింటి ఆరళ్లు, మరొకరితో సంబంధం, పొంతన లేకపోవడం. ఇవేవీ అబద్ధాలు కావు. అయితే ఇవే బాధలు పడుతూ నలభై యాభై ఏళ్లు కాపురం చేసినవాళ్లు ప్రతి బంధువర్గంలోనూ కనిపిస్తారు. కాపురం చెడడానికి ఒక కారణం ఉంటుంది. చెడిన కాపురంలోంచి బయటికి రావాలని తేల్చుకోవడానికి వేరే కారణం ఉంటుంది. లాయరు పిటిషన్‌లో రాసే కారణం ఈ రెండింటికీ దూరంగా ఉండవచ్చు. మూడింటినీ కలిపేసి మాట్లాడుకోవడం వల్లనే విడాకుల మీద చర్చ చాలాసార్లు "ఈ కాలం వాళ్లకు ఓపిక లేదు" అన్న మాట దగ్గరే ఆగిపోతుంది.

లెక్కల సంగతి

భారతదేశంలో ఏటా ఎన్ని జంటలకు విడాకులు మంజూరవుతున్నాయో చెప్పే జాతీయ రిజిస్టరు లేదు. జననమరణాల్లా విడాకులు ఒకచోట నమోదు కావు. పత్రికల్లో తరచూ కనిపించే "మన విడాకుల రేటు ఒక్క శాతమే" అన్న మాటకు గట్టి ఆధారం లేదు. కాస్త నమ్మదగినవి జనాభా లెక్కలు. 2011లో విడాకులు పొందినవాళ్లమని చెప్పినవారు దేశం మొత్తం మీద సుమారు 13.6 లక్షలు. విడాకులు తీసుకోకుండానే విడిగా ఉంటున్నామని చెప్పినవారు దాదాపు 35 లక్షలు. అంటే తెగిపోయిన కాపురాల్లో ఎక్కువ భాగం కోర్టు గడప తొక్కనే లేదు. రెండు వర్గాల్లోనూ మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువ. భర్త త్వరగా మరో పెళ్లి చేసుకుని "వివాహితుల" లెక్కలోకి వెళ్లిపోతాడు, భార్య పుట్టింట్లోనే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. రాష్ట్రాలవారీగా చూస్తే మిజోరం అన్నిటికన్నా ముందుంటుంది. ఉత్తరాదికన్నా దక్షిణాదిలో ఈ నిష్పత్తి ఎక్కువ.

కుటుంబ న్యాయస్థానాల్లో కేసులు పెరిగాయన్న వార్తలను కూడా జాగ్రత్తగా చదవాలి. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం కింద ఒక ఊళ్లో కొత్త కోర్టు వస్తే, అంతకుముందు పెద్దమనుషుల అరుగు మీద తేలిన తగాదా కూడా అక్కడికి చేరుతుంది. పైగా ఒకే జంట మీద విడాకుల పిటిషన్, మనోవర్తి, గృహహింస, పిల్లల సంరక్షణ, కాపురానికి రమ్మనే దావా అంటూ నాలుగైదు ఫైళ్లు నడవడం మామూలే. ఫైళ్ల సంఖ్యను జంటల సంఖ్యగా చదివితే లెక్క తప్పుతుంది.

చట్టానికి ముందు

విడాకులు పడమటి దేశాల నుంచి దిగుమతి అయ్యాయన్న అభిప్రాయం బలంగా ఉంది. తెలుగు సమాజంలో శాస్త్రోక్త వివాహం పాటించిన కొద్ది కులాలకే అది సరిపోతుంది. ఆ కులాల్లో పెళ్లి తెగని బంధం. భర్త వదిలేసినా భార్య భార్యే, పైగా 1955కు ముందు అతను మరొకతెను చేసుకోవడానికి చాలాచోట్ల అడ్డు కూడా లేదు. వీరేశలింగం 1881లో రాజమండ్రిలో జరిపించిన పెళ్లి భర్త చనిపోయిన స్త్రీకి. భర్త బతికుండగా పుట్టింటికి చేరిన స్త్రీకి అలాంటి దారి రావడానికి ఇంకా డెబ్భై ఏళ్లు పట్టింది.

శ్రమ చేసుకు బతికే చాలా కులాల్లో మాత్రం తెగతెంపులు, మారుమనువు ఎప్పటినుంచో ఉన్నాయి. కులపెద్దలు కూర్చుంటారు, తప్పెవరిదో తేలుస్తారు. పెళ్లినాడు మగపెళ్లివారు ఇచ్చిన ఓలి, పెళ్లి ఖర్చు ఎవరు ఎవరికి తిరిగి ఇవ్వాలో చెబుతారు. ఆపైన ఇద్దరూ స్వేచ్ఛాపరులు. వధువుకు వెల కట్టడం గొప్ప ఆచారమేమీ కాదు. అయినా డబ్బు ఆడపిల్ల వైపు వచ్చేచోట తెగతెంపులు తేలికగా ఉండేవి, డబ్బు మగపిల్లవాడి వైపు పోవడం మొదలయ్యాక కష్టమయ్యాయి అన్నది గమనించదగ్గ విషయం. ఓలి ఇచ్చిన కులాలే చదువు, భూమి, ఉద్యోగం వచ్చాక కట్నం ఇచ్చే కులాలుగా మారాయి. మారుమనువును పరువు తక్కువ పనిగా చూడడం కూడా ఆ మార్పుతోనే వచ్చింది.

ప్రాచీన గ్రంథాల్లోనూ ఏకాభిప్రాయం లేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ధర్మ వివాహాలకు విడుదల లేదంటూనే, తక్కిన రకాల పెళ్లిళ్లలో భార్యాభర్తలిద్దరికీ ఒకరిపై ఒకరికి ద్వేషం ఉంటే విడిపోవచ్చని అంటుంది. పరస్పర అంగీకారానికి అది చాలా దగ్గరి భావన.

మద్రాసు ప్రభుత్వం 1949లో హిందువులకు బహుభార్యాత్వ నిషేధం, విడాకుల చట్టం చేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి గనుక అక్కడి తెలుగువాళ్లకు కోర్టు విడాకులు దేశవ్యాప్త చట్టంకన్నా ఆరేళ్లు ముందే వచ్చాయి. 1955 హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచార విడాకులను అలాగే ఉంచింది. షెడ్యూల్డు తెగలకు ఈ చట్టం ప్రత్యేక నోటిఫికేషన్ ఉంటేనే వర్తిస్తుంది. కోయలు, గోండులు, చెంచుల విడాకులు నేటికీ వాళ్ల పెద్దల సమక్షంలో, వాళ్ల కట్టుబాటు ప్రకారమే జరుగుతాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. స్టాంపు కాగితం మీద "ఇకపై మాకు సంబంధం లేదు" అని రాసి, నోటరీ దగ్గర ముద్ర వేయిస్తే విడాకులు అయిపోయినట్టేనని చాలామంది నమ్ముతారు. తమ కులంలో ఆ ఆచారం అనాదిగా ఉందని సాక్ష్యంతో రుజువు చేయగలిగితేనే అలాంటి కాగితానికి విలువ. లేకపోతే మొదటి పెళ్లి బతికే ఉంటుంది, రెండో పెళ్లి నేరమవుతుంది. ఉద్యోగం చేస్తున్న భర్త చనిపోయి, పింఛను కోసం ఇద్దరు భార్యలు దరఖాస్తు పెట్టుకున్నప్పుడుగాని ఈ సంగతి బయటపడని కుటుంబాలు ఉన్నాయి.

కోర్టు ఒప్పుకునే కారణాలు

హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ ప్రకారం వివాహేతర సంబంధం, క్రూరత్వం, రెండేళ్లపాటు విడిచిపెట్టడం, మతం మారడం, తీవ్రమైన మానసిక వ్యాధి, సుఖవ్యాధి, సన్యాసం, ఏడేళ్లుగా ఆచూకీ లేకపోవడం విడాకులకు కారణాలు. కుష్ఠువ్యాధిని 2019లో జాబితా నుంచి తీసేశారు. భార్యకు మాత్రమే ఉన్న కారణాల్లో ఒకటి బాల్య వివాహానికి సంబంధించింది: పదిహేనేళ్లలోపు పెళ్లి చేసినట్టయితే, పద్దెనిమిది నిండకముందే ఆ పెళ్లి తనకు వద్దని ఆమె చెప్పి ఉండాలి. పదిహేనేళ్ల పిల్ల ఆ వయసులో ఆ మాట ఎవరికి చెప్పగలదన్నది చట్టం పట్టించుకోలేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిదేళ్లలోపే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతం ఉన్నారు.

1976 సవరణ రెండు పెద్ద మార్పులు తెచ్చింది. ఒకటి, క్రూరత్వం నేరుగా విడాకులకు కారణమైంది. రెండు, 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార విడాకులు వచ్చాయి. ఏడాదిపాటు విడిగా ఉండి, కలిసి బతకలేమని ఇద్దరూ ఒప్పుకుంటే పిటిషన్ వేయవచ్చు, ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. ఈ ఆరు నెలల గడువును తగిన సందర్భంలో కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

ముస్లిం స్త్రీలకు 1939 చట్టం కోర్టు ద్వారా విడాకులు కోరే హక్కు ఇచ్చింది. రెండేళ్లు పోషణ ఇవ్వకపోవడం, నాలుగేళ్లు ఆచూకీ లేకపోవడం అందులోని కారణాలు. భార్య తానుగా కోరే ఖులా వేరుగా ఉంది. ఒకేసారి చెప్పే ముమ్మారు తలాఖ్‌ను 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2019లో అది నేరమైంది. క్రైస్తవుల విషయంలో 1869 నాటి చట్టం మరీ వింతగా ఉండేది. భర్త అయితే భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే చాలు. భార్య మాత్రం భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో కూడా రుజువు చేయాలి. ఈ తేడా 2001 దాకా నడిచింది.

కాపురంలోని కారణాలు

కట్నం గొడవ పెళ్లినాడే మొదలై పెళ్లితో ముగియదు. ఒప్పుకున్న కట్నం, లాంఛనాలు, ఆడపడుచు కట్నం, సారె, పురుడు ఖర్చు, మొదటి పండగకు అల్లుడికి పెట్టిపోతలు: వీటిలో ఏది తగ్గినా మాట పడేది కోడలు. ఆంధ్రప్రదేశ్ 1958లోనే కట్న నిషేధ చట్టం చేసింది, దేశం మొత్తానికీ 1961లో చట్టం వచ్చింది. రెండూ ఆచారాన్ని ఆపలేకపోయాయి. అయినా నేరుగా కట్నం కారణంగా విడాకులదాకా వెళ్లేవాళ్లకన్నా, కట్నం మూలంగా ఇరుకుటుంబాల మధ్య మాటలు చెడి, ఆ కసి దంపతుల మధ్యకు దిగి, చివరికి ఇద్దరూ వేరైనవాళ్లే ఎక్కువని అనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో పెళ్లి పందిట్లో కట్నం మీద వచ్చిన తగాదాతోనే కాపురం ఆగిపోయింది. పదేళ్లకు పైగా వేరుగా బతికాక, 2013లో సుప్రీంకోర్టు ఆ జంటకు విడాకులు ఇచ్చింది. అలాంటి తగాదాలను తొలి దశలోనే మధ్యవర్తిత్వానికి పంపాలని ఆ తీర్పులోనే చెప్పింది.

హింస ఎంత విస్తారంగా ఉందో కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతాయి. 2019-21లో భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పిన వివాహిత స్త్రీలు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఇంతమందిలో విడిపోయినవాళ్లు ఏ కొద్దిమందో. దెబ్బలు తిన్నంత మాత్రాన కాపురం వదలరు. పిల్లల ముందు కొట్టినప్పుడో, పిల్లల మీద చెయ్యి పడినప్పుడో, తల్లిదండ్రులను తిట్టినప్పుడో వదిలేశామని చెప్పేవాళ్లు ఎక్కువ. అంతకుముందు పదేళ్లు తిన్న దెబ్బలను వాళ్లే మామూలుగా చెబుతారు.

తాగుడుకు తెలుగు నేల మీద ప్రత్యేక చరిత్ర ఉంది. ఆ సర్వేలోనే తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మద్యం తాగుతామని చెప్పారు, దేశ సగటు 19 శాతం లోపే. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం కాపురాల గురించి చెప్పే సంగతి ఒకటి ఉంది. కూలి డబ్బు సారా దుకాణానికి పోతోందని, ఇంటికొచ్చి కొడుతున్నారని ఆ స్త్రీలు మొగుళ్లను వదిలేయలేదు. దుకాణం మీదికి వెళ్లారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండోది రెండేళ్లకే సడలిపోయింది. భర్తను విడిచిపెట్టే స్తోమత లేనప్పుడు భర్తను చెడగొట్టేదాన్ని వదిలించుకోవాలని చూడడం కూడా ఒక నిర్ణయమే.

అత్తాకోడళ్ల పోరు సామెతల్లో చాలినంత ఉంది గనుక ఇక్కడ వివరం అవసరం లేదు. కోర్టులకు ఎక్కే రూపం వేరు కాపురం తగాదా. తల్లిదండ్రులను వదిలి వేరు కాపురం పెట్టమని కారణం లేకుండా భార్య పట్టుబట్టడం భర్త పట్ల క్రూరత్వమేనని 2016లో సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పును చాలామంది మెచ్చారు. భార్యను ఆమె పుట్టింటి నుంచి భర్త పూర్తిగా దూరం చేయడం గురించి అంత చర్చ జరగలేదు.

మేనరికాల సంగతి వేరుగా చెప్పుకోవాలి. దక్షిణాదిలో, ముఖ్యంగా తెలుగువాళ్లలో, మేనమామ ఇంటికో మేనత్త ఇంటికో కోడలిగా వెళ్లడం ఇప్పటికీ ఉంది. ఉత్తరాదిలో అమ్మాయి తెలియని ఊరికి, తెలియని వంశానికి వెళ్తుంది. ఇక్కడ అత్తే మేనత్త కావచ్చు, పుట్టిల్లు పక్క ఊళ్లోనే ఉండవచ్చు. దక్షిణాది స్త్రీ మాట కాస్త ఎక్కువ చెల్లుబాటు కావడానికి ఇది ఒక కారణమని బంధుత్వ వ్యవస్థలను చదివినవారు చెబుతారు. అదే మేనరికం చెడితే మాత్రం తెంచుకోవడం మరీ కష్టం. కూతురు విడాకులు అడిగితే తండ్రికి తన చెల్లెలితోనే బంధం తెగుతుంది. ఇద్దరు పిల్లల కోసం నాలుగు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేస్తాయి. అందుకే మేనరికం పెళ్లిళ్లలో వేరుగా ఉండడం కనిపిస్తుందిగాని, కోర్టుకు వెళ్లడం అరుదు.

పడకగది కారణాలు పంచాయితీలో ఎవరూ నోరు తెరిచి చెప్పరు. శారీరక సంబంధం లేకపోవడం, భర్తకు నపుంసకత్వం ఉండడం, వేరే ప్రేమ ఉండగా ఇంట్లోవాళ్ల బలవంతం మీద పెళ్లి చేసుకోవడం, స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లకు పెళ్లి చేస్తే సర్దుకుంటారని చేసేయడం: ఇవన్నీ పెళ్లైన తొలి నెలల్లోనే బయటపడతాయి. చట్టప్రకారం వీటిలో కొన్ని విడాకులకు బదులు పెళ్లినే చెల్లనిదిగా ప్రకటించే 12వ సెక్షన్ కిందకు వస్తాయి. పెళ్లిచూపుల నాడు దాచిన మానసిక వ్యాధి కూడా అక్కడికే వస్తుంది. మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన చాలదని, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రంగా ఉండాలని 1988లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పల్లెల్లో ఇప్పటికీ పిల్లలు కలగకపోవడం పెద్ద కారణం. పరీక్ష చేయించుకోవడానికి భర్త ఒప్పుకోకుండానే భార్యను పుట్టింటికి పంపేయడం తరచూ వినిపించే కథ.

అమెరికాలో సమాజ శాస్త్రవేత్తలు విడాకులు పొందినవారినే నేరుగా కారణం అడిగారు. పాల్ అమాటో, డెనిస్ ప్రెవిటీ 2003లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి స్థానం వివాహేతర సంబంధానిది. ఆ తర్వాత పొసగకపోవడం, తాగుడు లేదా మత్తు పదార్థాలు, ఒకరికొకరు దూరమైపోవడం వచ్చాయి. మాజీ భార్యలూ మాజీ భర్తలూ తమకన్నా ఎదుటివారినే ఎక్కువగా తప్పుపట్టారు. ఇక్కడి పంచాయితీలు చూసినవారికి ఇది కొత్తగా తోచదు. వివాహేతర సంబంధం మన దగ్గర 2018 తర్వాత నేరం కాదు, విడాకులకు కారణంగా మాత్రం అలాగే ఉంది. నిజమైన సంబంధంకన్నా అనుమానం ఎక్కువ కాపురాలు కూల్చిందని ఫ్యామిలీ కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసేవారు అంటారు. ఇప్పుడు ఆ అనుమానానికి ఫోన్ పాస్‌వర్డ్, వాట్సాప్ చాట్, లొకేషన్ ఆధారాలు దొరుకుతున్నాయి. వాటి స్క్రీన్‌షాట్లు పిటిషన్లకు అనుబంధాలుగా వస్తున్నాయి.

హైదరాబాద్‌లో 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న తర్వాత పుట్టిన ఒక వర్గం కాపురాల కారణాలు వేరే. ఇద్దరికీ జీతం, ఇద్దరికీ రాత్రి షిఫ్టులు లేదా అమెరికా వేళల మీటింగులు, ఇద్దరి పేర్లమీదా ఇంటి లోను. వంట ఎవరు చేయాలి, ఎవరి జీతం ఎవరి తల్లిదండ్రులకు పోవాలి, ఎవరు ఆన్‌సైట్‌కు వెళ్లాలి అన్నవి తగాదాలు. పెద్దలు వీటిని "ఈగో" అని కొట్టిపారేస్తారు. కూతురిని ఇంజనీరింగ్ చదివించి, ఉద్యోగం చేయనిచ్చి, కట్నం కూడా ఇచ్చి, పెళ్లయ్యాక మాత్రం పాత కోడలిలా ఉండమనడంలోని పొసగనితనం ఆ మాటలో మరుగున పడిపోతుంది.

తేల్చుకునే ఘడియ

జార్జ్ లెవింజర్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త 1965లో పెళ్లి నిలబడడానికి మూడు విషయాలు చూడాలన్నాడు: దంపతులను కలిపి ఉంచే ఆకర్షణ ఎంత, విడిపోకుండా ఆపే అడ్డుగోడలు ఎంత, బయట ఉన్న ప్రత్యామ్నాయం ఎంత మంచిది. తెలుగు కాపురాలకు ఈ వివరణ బాగా అతుకుతుంది. మన దగ్గర శతాబ్దాలుగా పెళ్లిని నిలబెట్టినవి ఎక్కువగా అడ్డుగోడలే. గోడలు ఎత్తుగా ఉన్నప్పుడు లోపల ఎంత ప్రేమ ఉందో ఎవరూ కొలవలేదు.

ఆ గోడల్లో పెద్దది పుట్టిల్లు. "నువ్వు ఆ ఇంటి మనిషివి, సర్దుకో" అని తల్లి అన్నంతకాలం ఎంత బలమైన కారణమైనా కారణం కాదు. "వచ్చెయ్యమ్మా, నీ గది నీకుంది" అని తండ్రి ఒక్క మాట అంటే అప్పటిదాకా ఓర్చుకున్నదే ఓర్వరానిదవుతుంది. తండ్రి ఆ మాట అనగలగడానికి కొంత చట్టం, కొంత ఆస్తి కూడా దోహదం చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన 1986 హిందూ వారసత్వ సవరణ కూతురిని ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కుదారును చేసింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. 2005 సవరణతో దేశమంతా కూతుళ్లకు ఆ హక్కు వచ్చింది. ఆచరణలో ఎంతమంది అన్నదమ్ములు వాటా పంచారన్నది వేరే ప్రశ్న. ఆస్తికి, కాపురానికి ఉన్న సంబంధం గురించి కేరళలో బీనా అగర్వాల్, ప్రదీప్ పాండా చేసిన అధ్యయనం తేల్చిన విషయం స్పష్టంగా ఉంది. తమ పేర ఇల్లో భూమో ఉన్న స్త్రీలు భర్త చేతిలో హింసకు గురికావడం చాలా తక్కువ. దెబ్బ తిన్నా వెళ్లిపోగలిగినవాళ్లు కూడా వాళ్లే.

రెండో గోడ పిల్లలు. పదో తరగతి అయ్యేదాకా, ఇంటర్ అయ్యేదాకా, చివరికి అమ్మాయి పెళ్లయ్యేదాకా అంటూ వాయిదా వేస్తారు. విడాకులు తీసుకున్న ఇంటి పిల్లకు సంబంధాలు రావన్న భయం ఉత్తది కాదు. సంబంధాలు చూసేవాళ్లు "తల్లిదండ్రులు కలిసే ఉన్నారా" అని ఆరా తీయడం మ్యారేజ్ బ్యూరోల్లో మామూలు. అందుకే యాభై దాటాక, కూతురిని అత్తారింటికి పంపాక విడిపోయేవాళ్లు కొందరున్నారు. చుట్టాలకు అది ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ ఇంట్లో నిర్ణయం మాత్రం ఇరవై ఏళ్ల కిందటిదే.

మగవాళ్ల నిర్ణయాలు దీనికి భిన్నంగా నడుస్తాయి. చాలామంది భర్తలు విడాకులు అడగరు, ఇల్లు మాత్రం వదిలేస్తారు. వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుంటారు, డబ్బు పంపడం మానేస్తారు. కోర్టుకు వెళ్తే మనోవర్తి, భరణం, పిల్లల ఖర్చు లెక్క తేలాల్సి వస్తుంది గనుక తేల్చకుండా ఉండడమే వారికి లాభం. జనాభా లెక్కల్లో ఆ 35 లక్షల మంది ఎందుకున్నారో అర్థం చేసుకోవడానికి ఇదొక దారి. మరోవైపు ఏళ్ల తరబడి కేసుల్లో ఇరుక్కుని, మళ్లీ పెళ్లి చేసుకునే వయసు దాటిపోయిన భర్తలు కూడా ఉన్నారు. భార్య వైపువాళ్లు విడాకులకు ఒప్పుకోకపోవడం కొన్నిసార్లు కసి, కొన్నిసార్లు బేరం, చాలాసార్లు "విడాకులైంది" అనిపించుకోవడం ఇష్టం లేకపోవడం.

పిటిషన్‌లో రాసే కారణం

కలిసి ఉండాలని లేదన్నది మన చట్టంలో ఒక్కరు చెబితే చెల్లే కారణం కాదు. తిరిగి అతకలేనంతగా చెడిపోయిన పెళ్లిని రద్దు చేయాలని లా కమిషన్ 1978లో ఒకసారి, 2009లో మరోసారి సిఫారసు చేసింది. 2013లో రాజ్యసభ ఆమోదించిన బిల్లు లోక్‌సభలో ఆగి కాలం చెల్లిపోయింది. 2023 మే 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తాను మాత్రం 142వ అధికరణం కింద అలాంటి పెళ్లిని రద్దు చేయగలనని తేల్చింది. కింది కోర్టులకు ఆ అధికారం లేదు. గుంటూరులోనో వరంగల్‌లోనో దావా వేసే మనిషికి క్రూరత్వమో విడిచిపెట్టడమో చూపించక తప్పదు.

దాంతో క్రూరత్వం అన్న ఒక్క పదం కిందకే సమస్తం వచ్చి చేరింది. 2007లో సుప్రీంకోర్టు మానసిక క్రూరత్వానికి పదహారు ఉదాహరణలు ఇచ్చింది, అవి పూర్తి జాబితా కాదని కూడా అంది. భర్త మీద, అతని కుటుంబం మీద తప్పుడు క్రిమినల్ కేసు పెట్టడం క్రూరత్వమేనని తర్వాతి తీర్పులు చేర్చాయి. మాటలు లేని కాపురం, ఇష్టం చచ్చిన కాపురం పిటిషన్‌లోకి వచ్చేసరికి తిట్లు, దెబ్బలు, అవమానాల పట్టికగా మారుతుంది. అవతలివాళ్లు దానికి జవాబుగా మరో పట్టిక రాస్తారు. అప్పటిదాకా మర్యాదగా విడిపోగలిగిన ఇద్దరు కూడా కౌంటర్ చదివాక శత్రువులవుతారు.

భార్యపై భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరం చేసిన 498ఎ సెక్షన్ చుట్టూ నడిచే వాదం కూడా ఇక్కడే అర్థమవుతుంది. 1983లో వచ్చిన ఈ సెక్షన్ 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. నిజమైన బాధితులు చాలామంది ఫిర్యాదే చేయరు. చేసినవాళ్లలో కొందరు విడాకుల చర్చలో బలం కోసం అత్తమామలు, ఆడపడుచులు అందరి పేర్లూ రాయిస్తారు. విచారణ లేకుండా అరెస్టులు చేయవద్దని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇందుకే. ఒకరి ఇష్టంతో గౌరవంగా బయటపడే దారి చట్టంలో ఉంటే ఈ బేరసారాలు కొంతైనా తగ్గేవని చెప్పవచ్చు. ఆ దారి తెరిస్తే ఆస్తిలేని భార్య రోడ్డున పడుతుందన్న భయమూ అంతే నిజం.

కాపురానికి రమ్మని పిలిపించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ దావాలో తెలుగువాళ్ల ప్రస్తావన తప్పదు. ఈ దావా ఇంగ్లండు నుంచి వచ్చింది. బొంబాయిలో రఖ్మాబాయి అనే యువతి, చిన్నప్పుడు తనకు చేసిన పెళ్లికి కట్టుబడనని 1880లలో దీని మీదే పోరాడింది, తర్వాత వైద్యురాలైంది. వందేళ్లకు సినీ నటి సరితపై భర్త కడపలో వేసిన దావా ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వచ్చింది. ఇష్టం లేని మనిషిని కాపురానికి ఆజ్ఞాపించడం ఆమె శరీరం మీద హక్కును లాక్కోవడమేనని, 9వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పు చెప్పారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. సెక్షన్ నేటికీ ఉంది. దాన్ని వాడేవాళ్లలో చాలామందికి భార్యను తిరిగి పిలిపించాలన్న కోరిక ఉండదు. డిక్రీ వచ్చి ఏడాదిపాటు కాపురం జరగకపోతే అదే విడాకులకు కారణమవుతుంది. మనోవర్తి దావాకు ఎదురు దావాగానూ ఇది పనికొస్తుంది.

పరస్పర అంగీకార పిటిషన్లలో కారణాల ఊసే ఉండదు. అభిప్రాయభేదాలు వచ్చాయి, పెద్దలు నచ్చజెప్పినా ఫలితం లేకపోయింది, భరణంగా ఫలానా మొత్తం ముట్టింది, పిల్లవాడు తల్లి దగ్గర ఉంటాడు. రెండు పేజీలు. అసలేం జరిగిందో ఆ కాగితాలు చదివి ఎవరూ చెప్పలేరు.

సముద్రం దాటిన కాపురాలు

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో అమెరికాకు వెళ్లడం మొదలయ్యాక విడాకులకు కొత్త కారణాలు, కొత్త చిక్కులు వచ్చాయి. హెచ్1బి వీసా మీద ఉన్న భర్త వెంట హెచ్4 వీసాతో వెళ్లిన భార్యకు చాలాకాలం ఉద్యోగం చేసే వీలే లేదు. 2015 మే నుంచి, గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఒక దశ దాటినవారి భాగస్వాములకు మాత్రం అనుమతి వచ్చింది. హైదరాబాద్‌లో జీతం తెచ్చుకున్న అమ్మాయి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కూరగాయలకూ భర్తనే అడగాలి. కాపురం చెడితే ఆమె వీసా కూడా అతనితోనే పోతుంది. పెళ్లికి ముందు పది రోజుల సెలవు మీద వచ్చిన అబ్బాయి గురించి విచారించేది తెలిసినవాళ్లను అడిగే కదా. అక్కడ అతనికి వేరే సంబంధం ఉన్నా, ఉద్యోగం పోయినా ఇక్కడికి తెలిసేసరికి పెళ్లయి నెలలు గడుస్తాయి.

కాలిఫోర్నియా 1970లో తప్పు చూపాల్సిన అవసరం లేని విడాకులను ప్రవేశపెట్టింది, 2010 నాటికి అమెరికా రాష్ట్రాలన్నీ అదే బాట పట్టాయి. అక్కడ నివసించే ఒకరు ఒంటరిగా వెళ్లి డిక్రీ తెచ్చుకోవచ్చు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లుతుందా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1991లో జవాబు చెప్పింది. ఆ కేసు తెలుగువాళ్లదే. 1975లో తిరుపతిలో పెళ్లి అయ్యింది. తర్వాత భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి, పెళ్లి అతకలేనంతగా చెడిపోయిందన్న కారణంతో విడాకులు తెచ్చుకుని, యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. భార్య ద్విభార్యాత్వ కేసు పెట్టింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, భార్య ఒప్పుకోని కోర్టులో వచ్చిన డిక్రీ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటినుంచి అమెరికాలో విడాకులైన జంటలు ఇక్కడ మళ్లీ పరస్పర అంగీకార పిటిషన్ వేయడం అలవాటైంది. లేకపోతే అక్కడ ఒంటరి, ఇక్కడ వివాహితుడు అన్న స్థితి వస్తుంది. అమెరికా నుంచి రాలేనివారు వీడియో కాన్ఫరెన్సులో హాజరు కావచ్చని, తల్లిదండ్రులో తోబుట్టువులో వారి తరఫున రావచ్చని ఆరు నెలల గడువు గురించిన 2017 తీర్పులోనే ఉంది.